బరువు చొక్కా

పెద్ద గ్రహం నుంచి
నాలుగో ఓడ బయలుదేరడానికి రెండు రోజుల ముందు

వదినగారికి నమస్కారాలు.

ఇక్కడ నేను క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను. అల్లుడి దగ్గు ఎలా ఉంది? ఆ విత్తనాల గిడ్డంగిలో పొడి ఎక్కువని అమ్మాయి రాసింది. ముక్కుకి గుడ్డ కట్టుకోమని నా మాటగా చెప్పండి.

ఇప్పుడు మధ్యాహ్నం. ఈ చలి నెలల్లో సూర్యుడు మా వీధి మొహం చూడడు కదా, మీరు అక్కడ అద్దాలు తిప్పితేనే ఇక్కడ మాకు పగలు. మూడో గంట కొట్టగానే ఆ వెలుగు ఎదురింటి గోడ మీద వాలి, మెల్లగా జారి, కిటికీ దాటి నా కుట్టుమిషను మీదికి వస్తుంది. మీగడ రంగులో ఉంటుంది. సూదిలో దారం అప్పుడే ఎక్కించుకుంటాను. "మా వియ్యపురాలు వచ్చింది" అంటాను పైకే. పక్కనే చెప్పులు కుట్టే ఆయన వింటే నాకు మతి పోయిందనుకుంటాడు.

ఈ నెల పని ఎక్కువగా ఉంది. మీ చిన్న గ్రహానికి పనికి వెళ్ళేవాళ్ళు తొమ్మిది మంది బరువు చొక్కాలు కుట్టించుకున్నారు. జేబుల నిండా ఇసుక పోసి కుట్టేసరికి నా వేళ్ళు బిగుసుకుపోయాయి. అందరికీ ఒకే మాట చెబుతాను: "అక్కడ తేలిగ్గా ఉంది కదా అని విప్పెయ్యకండి. ఎముకలకు బరువు అలవాటు తప్పిందంటే తిరిగొచ్చాక ఈ నేల మీద నిలబడలేరు." అమ్మాయికీ నాలుగేళ్ళ క్రితం ఇదే చెప్పి తొడిగాను. పెళ్ళికి అక్కడికి వచ్చినప్పుడు నా అడుగు నేలమీద ఆగక మీ భుజం పట్టుకోలేదూ? అప్పుడు మీరు నవ్విన నవ్వు ఇంకా చెవుల్లో ఉంది.

అసలు సంగతి రాయడానికి మొహమాటంగా ఉంది. అమ్మాయికి ఐదో నెల. ఆరు దాటితే ఓడ ఎక్కనివ్వరు. మీ దగ్గర పుట్టిన పిల్లలు మా నేలమీద నడవలేరు, ఇక్కడ పుట్టినవాళ్ళు ఎక్కడైనా నడుస్తారు. ఇది మీ నేలను తక్కువ చేసి అనడం కాదు. దేవుడు పెట్టిన తేడా. ఐదో ఓడకు అమ్మాయిని పంపించండి. కిటికీ పక్కన మంచం వేసి ఉంచాను.

తప్పుంటే మన్నించండి.

మీ
వదిన


చిన్న గ్రహం, అద్దాల మేడ
ఐదో ఓడ రోజు, పొద్దున

వదినగారూ,

మీ ఉత్తరం లేత పాకంలా ఉంది. తియ్యగానే ఉంది, వేలు పెడితే మాత్రం చుర్రుమంటుంది.

నా మోకాలు బాగానే ఉంది, అడిగారు కాబట్టి. మీవాడి దగ్గు తగ్గింది. మీవాడు అని ఎందుకన్నానంటే, అత్తగారి ఉత్తరం వచ్చిన రోజు వాడు నా కొడుకులా ఉండడు. రెండుసార్లు చదివి, ముక్కుకి గుడ్డ కట్టుకుని మరీ పనికి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళుగా నేను చెబుతున్నాను, ఒక్కనాడు విన్నాడా?

ఓడకు మీ అమ్మాయి రాదు. నేనేమైనా కట్టేసి కూర్చోబెట్టాననుకునేరు! "వెళ్తావా తల్లీ?" అని అడిగాను. "ఇక్కడే ఉంటాను అత్తయ్యా" అంది. అంతే. కారణం అడగాల్సింది నన్ను కాదు.

కానీ ఉన్నమాట రాస్తున్నాను, ఏమీ అనుకోకండి. అది ఉంటానన్నందుకు నాకు సంతోషంగానే ఉంది. మా వీధి చివర బడిలో పదకొండు బల్లలుంటే పిల్లలు నలుగురు. మిగతా వాళ్ళంతా కానుపుకి మీ వైపు వెళ్ళిన తల్లులతో అటే ఉండిపోయారు. యుద్ధం ఆగిన రోజు మన పెద్దలు రాసుకున్నది మీకు గుర్తుందా? మేం మీకు వెలుగు పంపాలి, మీరు మాకు నీళ్ళు పంపాలి. ఎన్ని నీళ్ళంటే, మా నేల మీద ఎందరు పుడితే అందరికి సరిపడా. బయటినుంచి వచ్చినవాళ్ళు నలభై ఏళ్ళు ఉన్నా లెక్కలోకి రారు. మీ అమ్మాయి తాగే నీళ్ళు కూడా మా వాటాలోవే. అందుకు బాధపడటంలేదు సుమండీ, అది తాగేదెంత, పిచ్చుకలా. పుట్టేవాళ్ళు లేకపోతే మాకు గొంతు తడవదని చెబుతున్నాను. వైద్యురాలు ఆడపిల్లేనంది. మీకు మనవరాలు కావాలి. మాకూ కావాలి, మా వీధికీ కావాలి.

మీ కిటికీలోకి వచ్చే వెలుగు మీగడ రంగు అన్నారు. నా వరస అద్దాలు నలభై. పొద్దున్నే ఒక్కొక్కదాన్ని గుడ్డతో తుడిచి, అరచెయ్యి ఆనించి తిప్పుతాను. ముప్పై మూడోది కాస్త మొండిది. దాన్ని "వదినగారూ, తిరగండి" అని బతిమాలుకుంటాను. ఇకనుంచి ఇంకా గట్టిగా బతిమాలుతాను.

ఇట్లు,
ముక్కుసూటి మనిషి అని మీ వీధిలో పేరు తెచ్చుకున్న
మీ వియ్యపురాలు


పెద్ద గ్రహం
ఆరో ఓడకు ముందు రోజు

వదినగారికి నమస్కారాలు.

ఐదో ఓడ వచ్చిన రోజు రేవుకి వెళ్ళాను. అమ్మాయి రాదని తెలియదు కదా, మీ ఉత్తరం కూడా అదే ఓడలో వచ్చింది. దిగినవాళ్ళందర్నీ చూశాను. నూట పన్నెండు మంది. చాలామందికి మోకాళ్ళు వణుకుతున్నాయి, తాడు పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఆఖరున ఒక ముసలాయన దిగి, నేలను అరచేత్తో తడిమి, "అబ్బ, ఎంత గట్టిగా లాగుతోందో" అన్నాడు. ఆ తరవాత తలుపు మూసేశారు.

అమ్మాయి రెండు వాక్యాలు రాసింది. "అమ్మా, కోపం తెచ్చుకోకు. తరవాత అన్నీ చెబుతాను." నాకు కోపం ఎక్కడిది? పొద్దున దీపం దగ్గర కూర్చున్నాను. ప్రార్థన చేస్తుంటే ఒక ఆలోచన వచ్చింది. మీ వైపు అన్నీ తేలికే కదా, అక్కడ చేసిన ప్రార్థన తొందరగా పైకి వెళ్తుందేమో! మావి బరువెక్కి మేడ దాకానే వెళ్ళి ఆగిపోతున్నాయేమో! నవ్వకండి. ఆ తరవాత కళ్ళు మూసుకుంటే, మన రెండు గ్రహాలూ దేవుడి రెండు చేతుల్లో ఉన్నట్టూ, ఒక చెయ్యి కాస్త కిందికి దిగినట్టూ కనిపించింది. ఏ చెయ్యీ నొప్పి పెట్టినట్టు లేదు.

ఈసారికి మీ మాటే. బిడ్డ అక్కడే పుట్టనివ్వండి. కానీ ఒకనాటికి ఆ పిల్ల ఈ గదిలో నా ముందు నిలబడాలి. నన్ను ఎత్తుకోమని చేతులు చాచడానికి కాదు, నిలబడి నాతో మాట్లాడటానికి. ఆ ఆశ ఒక్కటి వదులుకోలేను. అందుకని చిన్న పొట్లం పంపుతున్నాను. పసివాళ్ళకు బరువు చొక్కా ఇంతవరకు ఎవరూ కుట్టలేదు. ఇసుక పోసి చూస్తే బిడ్డకంటే చొక్కా లావయ్యేలా ఉంది. నాలుగుసార్లు విప్పి, ఐదోసారి వేరే ఉపాయం చేశాను. ఎప్పుడు ఎలా తొడగాలో చీటీ రాసి లోపలి జేబులో పెట్టాను. అది చదవకుండా తొడగకండి.

ఉంటాను. ముప్పై మూడో అద్దానికి నా దీవెనలు.

మీ
వదిన


పెద్ద గ్రహం
ఏడో ఓడకు మూడు రోజుల ముందు

వదినగారికి,

ఎనిమిది రోజులుగా మా వీధిలో పగలు లేదు. వెనక వీధిలో ఉంది, రేవులో ఉంది. మా వీధికి మాత్రం మూడో గంట కొట్టినా ఎదురింటి గోడ నల్లగానే ఉంటోంది. మొదటిరోజు మీకు ఒంట్లో బాగాలేదేమోనని కంగారుపడ్డాను. కానీ అమ్మాయి దగ్గర్నుంచి తంతి వచ్చింది, అందరం క్షేమమని. మరైతే ఇది ఏమిటి?

వీధి కొళాయి దగ్గర మాటలు పడలేకపోతున్నాను. చెప్పులు కుట్టే ఆయన, "ఏమ్మా, మీ వియ్యపురాలు మొహం తిప్పేసుకుందటగా?" అన్నాడు. అందరూ నవ్వారు. రొట్టెల దుకాణం ఆవిడ నవ్వలేదు. "నాలుగు నెలలు నీళ్ళాపితే అద్దాలు వాటంతటవే తిరుగుతాయి" అంది. ఒక కాగితం తిప్పుతున్నారు, చిన్న గ్రహానికి నీళ్ళు ఆపమని అర్జీ. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను సంతకం పెట్టలేదు. పెట్టనని గట్టిగా అననూ లేదు. మిషను మీదికి తల వంచుకుని కూర్చున్నాను. మళ్ళీ వస్తామన్నారు.

నా పొట్లం అంది ఉండాలి. చొక్కా నచ్చకపోతే తిప్పి పంపాల్సింది. దానికోసం ఒక వీధి వీధినీ చీకట్లో పెట్టాలా? నేను అడిగింది చాలా ఎక్కువా, వదినా?

దారం ఎక్కించడానికి దీపం పెట్టుకుంటున్నాను. కళ్ళు మండుతున్నాయి.

ఇక రాయలేను.


చిన్న గ్రహం
ఏడో ఓడ రోజు

వదినగారికి,

మీ పొట్లం గురించి రాస్తున్నాను.

రేవులో తనిఖీవాళ్ళు నా ముందే విప్పారు. అరచేతంత చొక్కా, దానికి వరసలు వరసలుగా బుల్లి జేబులు. తనిఖీ అధికారి ఒక జేబు కత్తిరించి బల్లమీద దులిపాడు. ఇనుప గుళ్ళు! గలగలమని దొర్లి నేలమీద పడ్డాయి. మా నేల తెలుసు కదా, పడ్డవి పడ్డట్టు ఉండవు. గది నిండా ఎగిరాయి. ఒకడు తలుపు వెనక దాక్కున్నాడు. యుద్ధంలో మా మేడమీదికి వచ్చి పడ్డవి అవే. అప్పటినుంచి ఇక్కడ ఎవరి ఇంట్లోనూ ఒక్క గుండు ఉండకూడదు. ఇసుక పంపితే ఎవరు కాదంటారు? మీకు ఎవరూ చెప్పలేదా?

"ఎవరికి?" అన్నాడు. "పుట్టబోయే మనవరాలికి" అన్నాను. "పసిపిల్లకి గుళ్ళా?" అన్నాడు. చీటీ ఏదో ఉందట, దాన్నీ సాక్ష్యంగా దాచుకున్నారు. అద్దాల మేడ తాళం నా చేతిలోంచి తీసుకున్నారు. ఇరవై ఆరేళ్ళ పని. విచారణ తేలేదాకా ఇంట్లో కూర్చోమన్నారు. నా బదులు ఒక కుర్రదాన్ని పెట్టారు. ఆ వరస దాని చేతికి లొంగదు. మీ వీధికి వెలుగు అందుతోందో లేదో నాకు తెలియదు, మేడ మెట్లు కూడా ఎక్కనివ్వడంలేదు.

పసిగుడ్డు వంటిమీద ఇనుము వేలాడదీయాలన్న ఆలోచన మీకు ఎలా వచ్చిందో మాత్రం నాకు ఇప్పటికీ అంతుబట్టదు. మా గాలి పీల్చి పెరిగే పిల్ల మనిషి కాదా?

ఇంకొకటి. ఇది మీకు చెప్పొద్దని మీ అమ్మాయి నాచేత ఒట్టు వేయించుకుంది. వేసిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. మీరు కుట్టిచ్చిన చొక్కా అది రెండో ఏడే విప్పేసింది. పనిలో అడ్డం వస్తోందని ముందు ఒక పూట, తరవాత ఒక వారం, ఆ తరవాత పెట్టెలోకి. అది ఇప్పుడు మీ నేల మీద దిగితే కాలి ఎముక విరుగుతుందని వైద్యురాలు చెప్పింది. మీరు మంచం వేసి ఉంచానని రాసిన ఉత్తరం పట్టుకుని నా ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. నేను పట్టి ఉంచానని మీరు అనుకుంటున్నా సరే, ఊరుకున్నాను. ఇక ఊరుకోలేను.

ఇట్లు
పని పోయిన అద్దాల మనిషి


పెద్ద గ్రహం
ఎనిమిదో ఓడకు ముందు రోజు

వదినా,

మన ఉత్తరాలు రెండూ నడిదారిలో ఎదురెదురుగా దాటుకుని ఉంటాయి. నేను రాసినది మీకు చేరకముందే దారిలో కాలిపోవాలని మొక్కుకున్నాను. అలాంటివి దేవుడు వినడు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అమ్మాయి సంగతి మీద ఏమీ రాయలేను. మీ ఒళ్ళో ఏడ్చిందన్నారు. ఒళ్ళు దొరికింది, అది చాలు.

మర్నాడు ఒప్పందం ఆఫీసుకి వెళ్ళాను. ఎప్పుడూ వెళ్ళలేదు. పొడుగాటి గది, ఒక గోడకి మా నీళ్ళ పటం, ఎదురు గోడకి మీ వెలుగు పటం. మధ్యలో ఒక అధికారి, ఆయన పక్కన రాసే ఆవిడ. నా గొంతు సంగతి మీకు తెలుసు కదా, ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"గట్టిగా చెప్పండమ్మా."

"ఆ గుళ్ళు నావండీ."

"ఏ గుళ్ళు?"

"చిన్న గ్రహంలో మా వదినగారిని పనిలోంచి తీయించిన గుళ్ళు."

రాసే ఆవిడ కలం ఆపింది. నేను సంచిలోంచి గుడ్డా సూదీ తీసి అక్కడే కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. నోటితో చెప్పడం నాకు చేతకాదు. ఒక వరస జేబులు కుట్టి, గుళ్ళు పోసి, నోరు మూసి కుట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన నొక్కి చూశాడు. చెవి దగ్గర ఊపి చూశాడు. "ఇది ఏ వయసు పిల్లకి?" అన్నాడు. చెప్పాను. మెడ నిలిచేదాకా అసలు తొడగకూడదు. బోర్లాపడ్డాక జేబుకి ఒక్క గుండు. పాకేటప్పుడు రెండు. నిలబడ్డాక మూడు. చీటీలో రాసింది ఇదే, వదినా. మీకు చేరనివ్వలేదు వాళ్ళు. ముందు ఉత్తరంలోనే రాసి ఉండాల్సింది, ఆ తప్పు నాది. గుళ్ళంటే మీకు ఏమి గుర్తొస్తుందో ఆలోచించకపోవడం అంతకంటే పెద్ద తప్పు. నాకు గుళ్ళంటే తూకం, అంతే.

అప్పుడు ఆయన ఒక కాగితం తీశాడు. పొట్లం ఎవరు పంపారు, ఎందుకు పంపారు, బిడ్డ ఎవరి లెక్కలోది? "చిన్న గ్రహం బిడ్డ అని రాసి సంతకం పెడితేనే అక్కడివాళ్ళు నమ్ముతారు. మన బిడ్డ కోసం గుళ్ళు పంపామంటే మళ్ళీ గొడవ" అన్నాడు.

ఇప్పుడు మీకు ఒక మాట చెప్పాలి. తల్లి ఇటు మనిషైతే, పుట్టేలోపు అమ్మమ్మ కోరితే బిడ్డని మా లెక్కలో రాస్తారు. ఏడాది నిండకముందే తెచ్చి ఇక్కడ పెంచాలి. అంత చిన్నప్పుడైతే ఎముకలు సర్దుకుంటాయి. ఆ కోరిక కాగితం నేను మూడో నెలలోనే తెప్పించుకున్నాను. మీకు తీయగా ఉత్తరాలు రాస్తూనే దాన్ని మిషను సొరుగులో పెట్టుకున్నాను. అమ్మాయికీ చెప్పలేదు. మీరు ముక్కుసూటి మనిషి. నేను కాదు.

ఆ కాగితం కూడా సంచిలో తెచ్చానని ఆయనకు చెప్పాను. "రెండు కాగితాలూ చెల్లవమ్మా. ఏదో ఒకటే" అన్నాడు ఆయన.

సంచిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టాను. ఆయన అడ్డంగా గీత గీశాడు. రెండోదాని మీద సంతకం పెట్టాను. అక్షరం పక్కకి పోయింది. రాసే ఆవిడ, "పర్లేదమ్మా, తెలుస్తోంది" అంది.

వచ్చేటప్పుడు కొళాయి దగ్గర అర్జీ కాగితం మళ్ళీ ఎదురొచ్చింది. "వెలుగు ఆపింది మా వదినగారు కాదు, నా పొట్లం" అన్నాను. వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను. రొట్టెల దుకాణం ఆవిడ కాగితం మడిచి గంప కింద పెట్టుకుంది. చింపలేదు. మడిచింది, అంతే.

పని మీ చేతికి రావాలని రోజూ అడుగుతున్నాను. నన్ను క్షమించమని అడగను, అది మీ ఇష్టం.

మీ
వదిన


చిన్న గ్రహం, అద్దాల మేడ
తొమ్మిదో ఓడ రోజు, మధ్యాహ్నం

వదినా,

పోయిన ఓడకు ఉత్తరం లేదని ఎదురుచూసి ఉంటారు. రాశాను. మీ చీకటి ఉత్తరం చదివి మూడు పేజీలు రాశాను, అందులో ఒక్కటీ మర్యాదగల మాట లేదు. చింపేశాను. మా గాలిలో ముక్కలు కింద పడవు కదా, రెండు రోజులు ఇల్లంతా తిరిగాయి. ఒక ముక్క కొడుక్కి దొరికింది. చదివి, "అమ్మా, ఇది అత్తయ్యగారి గురించేనా?" అన్నాడు. నోరు మూసుకోమన్నాను.

మీ సంతకం వచ్చిన రోజే తాళం తెచ్చి ఇచ్చారు. అదే తనిఖీ అధికారి. చీటీ కూడా ఇచ్చాడు, దానిమీద వాడి టీ మరక ఉంది.

ఇక కూర్చుని చదవండి. మనవరాలు పుట్టింది. పన్నెండు రోజులైంది. తల్లీ పిల్లా కులాసా. జుట్టు ఒత్తుగా ఉంది. అది తలమీద ఆనక నిలబడి ఉంటుంది, ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు. ఏడిస్తే మా వరస అద్దాలన్నీ సన్నగా మోగుతాయి. గొంతు మాత్రం మీది కాదు, నాదే. అందుకు సంతోషించండి.

పుట్టినవాళ్ళ లెక్కలు రాసే ఆయన వచ్చి, "ఏ నేల బిడ్డ?" అన్నాడు. "ఈ నేల బిడ్డే" అని మీ అమ్మాయే చెప్పింది. చెప్పి, గోడవైపు తిరిగింది. మీరు సొరుగులో దాచిన కాగితం సంగతి చదివి వినిపించాను దానికి. తిడుతుందేమో అనుకున్నాను. "అమ్మ అంత ఆశ పెట్టుకుందా?" అంది. ఆ సాయంత్రమే పెట్టె తెరిచి పాత చొక్కా తీసింది. ఇసుక సగం తీసేసి తొడుక్కుంది. మంచం దిగి తలుపు దాకా నడిచి, ఆయాసపడి, మళ్ళీ వచ్చి కూర్చుంది. నిన్న వాకిలి దాకా వెళ్ళింది. వైద్యురాలు చూసి, "ఏడేళ్ళు పట్టొచ్చు" అంది. "పట్టనీ" అంది మీ అమ్మాయి.

పిల్ల పేరుమీద మొదటి నీళ్ళు వచ్చాయి, ఒక పీపా. మీ వైపు నీళ్ళు. మా వీధంతా వచ్చి చూశారు. అందులో చెంబుడు తీసి పిల్లకి స్నానం చేయించాం. నీళ్ళు మెల్లగా ముద్దలు ముద్దలుగా జారాయి దాని వీపు మీద.

ఇక మీ చొక్కా. ఒక జేబు కత్తిరించారన్నాను కదా, మీ అమ్మాయి కుట్టింది, మీ అంత చక్కగా కాదు. పిల్లకి మెడ నిలవాలి, బోర్లాపడాలి. అంతవరకు గూట్లో ఉంటుంది. చీటీ నాకు కంఠతా వచ్చేసింది. కానీ వదినా, నాకు తెలియని బరువు దానిమీద ఎలా వేయను? పైగా ఏడేళ్ళకో ఎనిమిదేళ్ళకో అది మీ రేవులో దిగేటప్పుడు ఒక చెయ్యి తల్లి పట్టుకుంటుంది. రెండోది ఎవరు పట్టుకుంటారు? మీ అల్లుడా? వాడికి ఓడ పేరు చెబితేనే వాంతులు.

నేను ఇక్కడ పుట్టినదాన్ని. నా వయసువాళ్ళు ఎవరూ ఆ నేలమీద దిగలేదు. వైద్యురాలిని అడిగితే నా మొహంలోకి చూసి, "మీకెందుకండీ ఈ వయసులో?" అంది. ప్రయత్నిస్తే చచ్చిపోతానా అన్నాను. "చచ్చిపోరు గానీ తిట్టుకుంటారు" అంది. తిట్టుకోవడం నాకు కొత్తా?

అమ్మాయి చేత కొలతలు తీయించాను. భుజం పదహారు, ఛాతీ నలభై, పొడుగు ఇరవై ఐదు. మెడ కాస్త వదులు. గుళ్ళు వద్దు, ఇసుకే పోయండి. ముందు తక్కువ పోసి, జేబుల నోళ్ళు విప్పుకునేలా ఉంచండి, ఏడాదికి కొంచెం కొంచెం నేనే పోసుకుంటాను.

కుట్టు మాత్రం గట్టిగా వేయండి. రోజూ తొడుక్కుంటాను.

మీ
వదిన